మామిడి తొక్కతో ఎంజైమ్ చేయాలంటే ముందు కొనేవాణ్ని చూసుకో

పుత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తయింది. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర మామిడి తొక్క ఊరికే దొరుకుతుంది కాబట్టి, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) మీద పట్టే నల్ల బూజును దాని మీద పెంచి, పెక్టినేస్ ఎంజైమ్ తీసి, తిరిగి ఆ ఫ్యాక్టరీలకే అమ్ముదామని ఆలోచన. చేతిలో 12 లక్షలున్నాయి. ఏ బూజు మంచిది, ఏ మిషన్లు కొనాలి, శనక్కాయ పొట్టు కూడా వాడొచ్చా అని అడిగాడు.

వయసులో చాలా చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. తిరుపతిలో చదువుకుని ఆరేళ్లు ల్యాబులో, ఆ తర్వాత రేణిగుంట వైపు ఒక చిన్న యూనిట్‌లో పదకొండేళ్లు ఈ బూజుల మధ్యే గడిపాను. బూజు పెంచడం పెద్ద విద్యేం కాదు. మనం వద్దన్నా వానాకాలంలో చెప్పుల మీద కూడా పెరుగుతుంది. నీ ప్లాన్‌లో నాకు భయమేసింది వేరే చోట. అక్కణ్నుంచే మొదలుపెడతా.

మన చిత్తూరు ఫ్యాక్టరీలు ఆడించేది ఎక్కువగా తోతాపురి. తీసేది గుజ్జు. గుజ్జు చిక్కగా ఉంటేనే కొనేవాడు కొంటాడు. పండులో ఆ చిక్కదనాన్ని పట్టి ఉంచే జిగురే పెక్టిన్. పెక్టినేస్ చేసే పని ఆ జిగురును ముక్కలు చేయడం. గుజ్జు ఫ్యాక్టరీకి పెక్టినేస్ అమ్మడమంటే పాలవాడి దగ్గరికెళ్లి నీళ్లు కొనమని అడిగినట్టే. ఈ ఎంజైమ్ అవసరం తేటగా ఉండే రసాలు చేసేవాళ్లకి ఉంటుంది. ఆపిల్, ద్రాక్ష రసాలు, వైన్ తయారీ అలాంటివి. వాళ్లు మన జిల్లాలో తక్కువ. ఉన్నవాళ్లు కూడా పేరున్న కంపెనీల నుంచి శుద్ధి చేసిన ద్రవం డబ్బాల్లో తెప్పించుకుంటారు. రసంలో చుక్క రంగు కలిసినా వాళ్లకి పనికిరాదు. మనం మొదటి ఏడాది తీసే సారం కాఫీ డికాషన్ రంగులో ఉంటుంది.

నగరిలో మగ్గాలు, అద్దకాలు ఉన్నాయి కదా, బట్టకి ఎంజైమ్ వాడతారు కదా అని నీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, శాంపిల్ సీసాలు పట్టుకుని వెళ్లాను కూడా. నూలు బట్టను ఎంజైమ్‌తో శుభ్రం చేసే పనికి కావలసింది క్షార గుణంలో పనిచేసే పెక్టినేస్. అది ఎక్కువగా బాసిల్లస్ బ్యాక్టీరియా నుంచి వస్తుంది. నువ్వనుకుంటున్న నల్ల బూజు, ఆస్పర్‌జిల్లస్ నైగర్, ఇచ్చేది పీహెచ్ 4, 5 మధ్య, అంటే పులుపులో, హుషారుగా ఉండి, 8 దాటితే చచ్చుబడే రకం. గంజి తీసే అమైలేస్‌ది ఇంకో కథ. అక్కడ బాగా వేడి నీళ్లలో కూడా నిలబడే బ్యాక్టీరియా ఎంజైమ్ ఉంది, మన బూజు అమైలేస్ ఆ వేడికి ఉడికిపోతుంది. మేస్త్రీ నా సీసా తీసుకుని ఒక చిన్న గుడ్డముక్క మీద వేసి చూసి, 'సార్, టీ తాగి వెళ్లండి' అన్నాడు.

నా లెక్కలో మన ప్రాంతంలో చిన్నవాడికి మిగిలిన దారి కోళ్ల దాణా. అక్కడ ఒకే ఎంజైమ్ శుద్ధిగా ఉండాల్సిన పని లేదు. పీచును విరిచే జైలనేస్, సెల్యులేస్, వాటితో పెక్టినేస్ కలిసి ఉన్న పొడి చాలు. బూజు పెరిగిన తవుడును అలాగే ఆరబెట్టి, పొడి చేసి, యాక్టివిటీ (ఎంజైమ్ ఎంత పనిచేస్తుందో) కొలిచి ఇవ్వొచ్చు. వడకట్టడం, గాఢత పెంచడం, చల్లగా దాచడం అనే మూడు పెద్ద ఖర్చులు తప్పుతాయి. ఒక మెలిక మాత్రం ఉంది. దాణాను ఆవిరితో గుళికలుగా నొక్కే మిల్లులో వేడి 80 డిగ్రీల దాకా పోతుంది. మన ఎంజైమ్‌లో చాలా భాగం అక్కడే పోతుంది. కాబట్టి పిండి దాణా కలుపుకునే ఫారాలనే చూసుకో. ఆవుల దాణాకి అమ్ముతానంటే మాత్రం నేను వద్దంటాను. నెమరువేసే పశువు కడుపులోనే ఈ ఎంజైములు చేసే సూక్ష్మజీవులు బోలెడున్నాయి. తేడా కనిపించక రైతు రెండో సంచి కొనడు.

ఇక ఊరికే దొరికే తొక్క సంగతి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఊరికే దొరికేది నిజమే, నీ షెడ్డుకి వచ్చేసరికి ఊరికే కాదు. పండు బరువులో తొక్కా టెంకా కలిసి మూడో వంతుకు పైనే ఉంటాయి, అందుకే ఆ కుప్పలు చూస్తే ఆశ పుడుతుంది. కానీ పచ్చి తొక్కలో నాలుగింట మూడొంతులకు మించి నీళ్లే. ట్రాక్టర్ బాడుగ ఇచ్చి తెచ్చేది నీళ్లని. ఐదు కిలోలు ఎండితే కిలో మిగులుతుంది. అదీ ఆ రోజే ఎండబెట్టాలి. జూన్ ఎండలో మిద్దె మీద పరిస్తే సాయంత్రానికి తోలులా అవుతుంది, మర్నాటికి విరుగుతుంది. ఒక్క రాత్రి కుప్పగా వదిలేస్తే ఈస్ట్ పట్టి సారా వాసన, తెల్లారేసరికి ఈగలు, మూడో రోజు పక్కింటివాళ్ల ఫిర్యాదు. పైగా సీజన్ రెండు, రెండున్నర నెలలే. మిగతా ఏడాదికి ఎండు తొక్క నిల్వ చేసుకోవాలంటే గోదాము కావాలి. అక్టోబరు నుంచి మనకి వానలు, అప్పుడు చెమ్మ ఎక్కిందంటే నువ్వు వేయని బూజులన్నీ వచ్చి కూర్చుంటాయి.

తొక్క ఒక్కదాని మీదే పెంచాలనుకోవడం కూడా తప్పు. తోతాపురి తొక్కలో చక్కెర ఎక్కువ. తినడానికి చక్కెర రెడీగా దొరుకుతుంటే బూజు కష్టపడి పెక్టిన్‌ను విరిచే ఎంజైమ్ ఎందుకు చేస్తుంది? ముందు ఆ చక్కెర తాగేసి, ఆ తర్వాతే పనికి దిగుతుంది. తొక్కలోని వగరు, అంటే టానిన్లు, బయటికొచ్చిన ఎంజైమ్‌ను పట్టుకుని పనిచేయనివ్వవు. దాంతో తొక్కను ఒకసారి వేడినీళ్లలో కడిగి, పిండి, ఎండబెట్టి, గోధుమ పొట్టులో మూడో వంతుగా కలిపితే నాకు బాగా వచ్చింది. గోధుమ పొట్టు అనేది ఈ పనిలో అమ్మ లాంటిది. అందులో నత్రజని ఉంది, ఖనిజాలున్నాయి, గాలి ఆడే వదులు ఉంది. 1894లో జోకిచి తకమినే అనే జపాన్ ఆయన అమెరికాలో బూజు ఎంజైమ్ మీద పేటెంట్ తీసుకున్నప్పుడు వాడింది కూడా గోధుమ పొట్టే. వాళ్ల దేశంలో అన్నం మీద పెంచే బూజును ఆయన పొట్టు మీదికి మార్చాడు. నూట ముప్పై ఏళ్ల తర్వాత కూడా మనం దాణా కొట్టుకెళ్లి అదే సంచి కొంటున్నాం.

వరి తవుడు వాడాలనుకుంటే నూనె తీసిన తవుడు తీసుకో. మామూలు తవుడు నాలుగు రోజులకే ముక్కిపోయి కంపు కొడుతుంది. శనక్కాయ పొట్టు గురించి అడిగావు. అందులో దాదాపు 30 శాతం లిగ్నిన్. చెక్కకి గట్టిదనం ఇచ్చేది అదే. కొట్టిన కొబ్బరి చిప్పను నమలమన్నట్టు ఉంటుంది బూజుకి. క్షారంలో నానబెడితే కాస్త లొంగుతుంది, కానీ ఆ నల్లటి కడుగునీళ్లు ఎక్కడ పోస్తావు? బాయిలర్లో వేసుకోవడమే దానికి మంచి దారి. చెరకు పిప్పి కొంచెం నయం, దాన్ని పొట్టులో కలిపితే మంచం గుల్లగా ఉండి గాలి ఆడుతుంది. (మంచం అంటే ట్రేలో పరిచిన పదార్థం. మా యూనిట్‌లో పనివాళ్లు పెట్టిన పేరు, నాకు అలవాటైపోయింది.)

బూజు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. ఎర్రగడ్డ మీది నల్ల బూజు వద్దు. అది ఆస్పర్‌జిల్లస్ నైగరే కావచ్చు, కంటికి అచ్చం అలాగే ఉండే దాని చుట్టం కూడా కావచ్చు. నైగర్‌లోనే కొన్ని రకాలు ఓక్రటాక్సిన్ అనే విషం చేస్తాయి. కోళ్ల దాణాలోకి వెళ్లే సరుకులో అలాంటిది ఉంటే నీ వ్యాపారం ఒక్క ఫారంతో ముగుస్తుంది. చండీగఢ్‌లో ఎంటీసీసీ, పుణెలో ఎన్‌సీఐఎం అని కల్చర్ భాండాగారాలున్నాయి, గుర్తించిన సూక్ష్మజీవులను దాచి ఇచ్చే చోట్లు. అక్కణ్నుంచి నంబరున్న స్ట్రెయిన్ (బూజులో ఒక రకం) తెప్పించుకో. సెల్యులేస్ కూడా కావాలంటే ట్రైకోడెర్మా రీసీ తెప్పించు. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు డేరాలను తినేసిన బూజు అది, ఆ తిండిపోతుతనమే ఇప్పుడు పరిశ్రమకి పనికొచ్చింది. ఎరువుల కొట్లో దొరికే ట్రైకోడెర్మా విరిడి పొట్లం తెచ్చి అదే అనుకోకు. అది వేరు కుళ్లుకి వాడేది, ఎంజైమ్ కోసం ఎంచిన స్ట్రెయిన్ కాదు.

ట్రేలో ఎప్పుడైనా పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన రంగు కనిపిస్తే ముక్కు దగ్గర పెట్టుకుని చూడకు. అది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ కావచ్చు, అఫ్లటాక్సిన్ చేసేది అదే. శనక్కాయ చెక్క కలిపిన ఒక బ్యాచ్‌లో మాకు అది వచ్చింది. 40 కిలోలు. సగం ట్రేలు బాగానే ఉన్నాయి కదా, ఏరి వాడుకుందామని ఓనరు అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఆ రోజు మా ఇద్దరికీ పెద్ద గొడవ. చివరికి మొత్తం ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి ఆవిరిలో క్రిములు చచ్చేలా ఉడికించి, గుంట తీసి పూడ్చాం.

ఇప్పుడు తేమ. పుస్తకంలో తేమ 60 శాతం అని ఉంటుంది. కొత్తవాళ్లు 100 గ్రాముల పొట్టులో 60 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తారు. అది 60 శాతం కాదు. మొత్తం బరువులో 60 వంతులు నీళ్లుండాలి. కొట్లో తెచ్చిన పొట్టులో అప్పటికే 10 శాతం దాకా తేమ ఉంటుంది, అంటే 100 గ్రాముల్లో పొడి పదార్థం 90. అది మొత్తంలో 40 వంతులు కావాలంటే మొత్తం 225 గ్రాములవ్వాలి. పోయాల్సింది 125 మిల్లీలీటర్లు. పొట్టును క్రిములు చచ్చేలా ఉడికించేటప్పుడు ఆవిరి నీళ్లు కలుస్తాయి, బూజు గింజలు (స్పోర్లు) కలిపిన నీళ్లూ లెక్కలోకి వస్తాయి, కాబట్టి ముందు కాస్త తగ్గించే పోసుకో. చేతి లెక్క ఒకటి ఉంది: పుట్టు పిండి కలిపినట్టు ఉండాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల మధ్య నుంచి చుక్క కారకూడదు, బొటనవేలితో పొడిస్తే విడిపోవాలి. చుక్క కారిందంటే బ్యాక్టీరియాకి విందు పెట్టినట్టే, రెండో రోజు పుల్లటి వాసన వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ మంది దెబ్బతినేది వేడి దగ్గర. ఫ్లాస్కులో 10 గ్రాముల మీద అద్భుతంగా వచ్చిన బూజు ట్రేలో ఎందుకు రాదో నాకు అర్థం కావడానికి ఒక బ్యాచ్ పోయింది. మొదటిసారి పెద్ద ట్రేలు చేయించాం, స్థలం కలిసొస్తుందని పొట్టును నాలుగు వేళ్ల మందం పరిచాం. గది ఉష్ణోగ్రత 30. అంతా పద్ధతిగానే ఉంది. ముప్పయ్యో గంటకి వెళ్లి ట్రే మధ్యలో వేలు పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి వేడి. థర్మామీటర్ గుచ్చితే 47. పైన, అంచుల్లో తెల్లగా దూది పరిచినట్టు బూజు. మధ్యలో విరిచి చూస్తే గోధుమరంగు, తడి, పులుపు. పొట్టు తింటూ బూజు వేడి విడుస్తుంది, పొట్టు ఆ వేడిని బయటికి పోనివ్వదు, చివరికి తన వేడికి తనే చస్తుంది. ఆ తర్వాత మేం మూడు సెంటీమీటర్లు దాటలేదు. మెష్ అడుగున్న ట్రేలు, పైన తడి గుడ్డ, ఇరవయ్యో గంటకి ఒకసారి చేత్తో పొడిపొడిగా చేసి తిరగేయడం. ఇంతే. దీనికి మిషన్ అక్కర్లేదు, నిద్ర మానుకునే మనిషి కావాలి.

మే నెలలో మన దగ్గర బయట 40 దాటుతుంది కాబట్టి గదిని 30 దగ్గర ఉంచడమే ఒక ఖర్చు. ఏసీ పెట్టకు. ఏసీ గాలిలోని తేమ లాగేసి ట్రే పైపొరను అప్పడంలా ఎండబెడుతుంది. గడ్డి తడికెల కూలర్ నయం, చల్లదనంతో పాటు తేమ కూడా ఇస్తుంది. నీళ్ల తొట్టి మాత్రం రోజూ కడగాలి, లేకపోతే అదే కల్తీకి పుట్టిల్లు. నవంబరు వానల్లో కూలర్ పనిచేయదు, అప్పుడు అసలు అవసరమూ ఉండదు.

ఎప్పుడు తీయాలి? నల్లబడేదాకా ఆగకు. నల్లబడిందంటే బూజు పిల్లల్ని కనే పనిలో పడింది, ఎంజైమ్ పని అయిపోయింది. నైగర్‌కి 72 నుంచి 96 గంటల మధ్య ఎక్కడో శిఖరం ఉంటుంది, నీ గదిలో ఎక్కడో నువ్వే పన్నెండు గంటలకోసారి శాంపిల్ తీసి చూసుకోవాలి. నల్లబడ్డ ట్రే కదిపితే బొగ్గుపొడిలా లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే అలర్జీ, ఉబ్బసం. ఆరిన ఎంజైమ్ పొడి కూడా అంతే. ఎన్95 మాస్క్ లేకుండా ఆ గదిలోకి ఎవర్నీ పంపకు. నాకు ఇప్పటికీ కార్తీకమాసంలో పొద్దున్నే పదిసార్లు తుమ్ములు, మొదటి రెండేళ్లు రుమాలు కట్టుకుని పనిచేసిన ఫలితం. ఆరబెట్టేటప్పుడు వేడి 40 డిగ్రీలు దాటనివ్వకు. నీడ, ఫ్యాను, పల్చగా పరచడం.

చివరిగా, నన్ను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేలా చేసిన విషయం చెబుతా. ల్యాబులో చేరిన కొత్తలో మామిడి తొక్క మీద మొదటిసారి పెంచి, సారం తీసి, డీఎన్ఎస్ పరీక్ష చేశాను. ఎంజైమ్ పెక్టిన్‌ను విరిస్తే చక్కెర లాంటి ముక్కలు బయటపడతాయి, డీఎన్ఎస్ అనే రసాయనం కలిపి మరిగిస్తే వాటిని బట్టి పసుపు కాస్తా ఇటుక రంగులోకి తిరుగుతుంది, 540 నానోమీటర్ల దగ్గర చదువుతాం. నా గొట్టం పండిన ఎర్రమిరపకాయ రంగుకి వచ్చింది. మిషన్ స్కేలు చాల్లేదు. పలుచన చేసి లెక్కేస్తే, గోధుమ పొట్టు ఒక్కదాని మీద వచ్చినదానికి ఆరు రెట్లు. రాత్రి తొమ్మిదింటికి మా గైడ్ ఇంటికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు: 'ఉడకబెట్టి చూశావా?'

చూడలేదు. మర్నాడు అదే సారాన్ని పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అదే పరీక్ష చేశాను. ఉడికిన ఎంజైమ్ పనిచేయదు కదా, రంగు రాకూడదు. వచ్చింది. దాదాపు అదే ఎరుపు. నేను కొలిచింది ఎంజైమ్‌ను కాదు, బూజు తినకుండా వదిలేసిన మామిడి చక్కెరను. దాని మీద తొక్కలోని పాలీఫెనాల్స్ (ఆ వగరు పదార్థాలు) ఇచ్చిన రంగు అదనం. రెండు రీడింగుల తేడా తీస్తే నా ఆరు రెట్లు కాస్తా పొట్టు కంటే తక్కువైంది. పండ్ల వ్యర్థాలతో బ్రహ్మాండమైన అంకెలు ఎవరు చూపించినా నేను ఇప్పుడు మొదట అడిగేది ఆ ఉడికించిన గొట్టం గురించే. రెండోది, ఎంజైమ్‌ను కొలిచే యూనిట్ అంటే ఏమిటని. నిమిషానికి ఒక మైక్రోమోల్ చక్కెర ముక్కలు విడిపిస్తే ఒక యూనిట్ అన్నది మామూలు లెక్క. కొందరు గంటకి లెక్కేస్తారు, అంకె అరవై రెట్లవుతుంది. కొందరు మిల్లీలీటరుకి చెబుతారు, కొందరు గ్రాము పొడి పదార్థానికి. గ్రాముకి పది మిల్లీలీటర్లు పోసి సారం తీస్తే, మిల్లీలీటరుకి 5 యూనిట్లు అంటే గ్రాముకి 50. రెండూ ఒకటే సరుకు, కాగితం మీద ఒకటి పదింతలు గొప్పగా కనిపిస్తుంది. సెల్యులేస్‌కైతే ఈ గొడవ తక్కువ, ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ టి.కె. ఘోష్ 1987లో రాసిన ఫిల్టర్ పేపర్ పద్ధతినే చాలామంది పాటిస్తారు. 50 మిల్లీగ్రాముల వాట్‌మన్ నంబర్ 1 కాగితం ముక్క, 50 డిగ్రీలు, ఒక గంట.

12 లక్షలు ఇప్పుడే బయటికి తీయకు. ఆటోక్లేవ్ బదులు ఇంట్లో పాత పెద్ద ప్రెజర్ కుక్కర్ ఉంటే చాలు, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర ఇరవై నిమిషాలు. స్ట్రెయిన్‌కి, పొట్టు సంచికి, కొన్ని రసాయనాలకి పెట్టు. ఎస్వీ యూనివర్సిటీలో నీకు పాఠం చెప్పిన మేడమ్‌నో సార్‌నో అడిగితే ఆ రంగు చదివే మిషన్, స్పెక్ట్రోఫోటోమీటర్, దగ్గర గంటసేపు కూర్చోనిస్తారు, నాకూ అలాగే గడిచింది. ఈలోగా ఆదివారాల్లో మీ చుట్టుపక్కల పిండి దాణా కలుపుకునే కోళ్ల ఫారాలు నాలుగు తిరుగు. ఇప్పుడు ఏ ఎంజైమ్ వాడుతున్నారు, టన్నుకి ఎన్ని గ్రాములు, ఏ ధరకి కొంటున్నారు అని మాత్రమే అడుగు, నీ సరుకు గురించి ఎత్తకు. లైసెన్సులు, జీఎస్టీ, కాలుష్య మండలి కాగితాలు ఆ తర్వాతి సంగతి.

సీజన్ నడుస్తోంది కాబట్టి ఈ వారమే ఒక ఇరవై కిలోల తొక్క తెచ్చి, కడిగి ఒక సగం, కడగకుండా ఒక సగం ఎండబెట్టుకో. స్ట్రెయిన్ వచ్చాక రెండింటినీ పొట్టుతో కలిపి పెంచి, పచ్చి సారం రీడింగు, ఉడికించిన సారం రీడింగు పక్కపక్కన రాసి పంపు. ట్రేల సైజు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.